పొట్టు కడిగిన నీళ్లు

మా మిద్దె మీద ఇప్పుడు నలభై దాకా కుండీలు, సంచులు ఉన్నాయి. చూడటానికి వచ్చినవాళ్లు ముందు టమాటలను, వంకాయలను మెచ్చుకుంటారు. తర్వాత ఏదో ఒక సంచిని కాస్త జరపబోయి, అది చేతికి తేలిగ్గా లేచి రావడంతో ఆశ్చర్యపోతారు. ఇందులో మన్ను లేదా అని అడుగుతారు. అంతే, నాకు పూనకం వస్తుంది. కొబ్బరి పొట్టు దిమ్మ ఎంత నీరు తాగుతుందో, అందులో పశువుల ఎరువు ఎంత కలపాలో, విత్తనం పెట్టేముందు ఎన్నిసార్లు కడగాలో, వాళ్లు నిలబడలేక కాళ్లు మార్చుకునేదాకా చెబుతాను. కడిగిన నీళ్లు మిద్దె మీద పారబోయకూడదని కూడా గట్టిగా చెబుతాను. అది నీకెలా తెలిసిందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను.

మాది గద్వాలలో మగ్గాల వీధి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింటివాళ్లదీ నేతపనే గానీ, మా తాత కాలంలోనే మగ్గం ఎత్తేసి ఖిల్లా ఘణపూర్ పక్క పల్లెలో సేద్యంలోకి దిగారు. నేను వేరుశనగ చేలల్లో తిరిగి పెరిగినదాన్ని. పోగు పట్టడం నాకు రాదు. మా ఆయనకూ రాదు, ఆయన బస్సు కండక్టరు. ఇంట్లో నేత నేర్చింది మా మరిది ఒక్కడే. ఆయనా, ఆయన భార్య, అంటే నా తోడికోడలు, కింద ఉంటారు. మేం వెనక భాగం మీద రెండు గదులు వేసుకుని పైన ఉంటాం. మా గదుల ముందున్న ఖాళీ జాగా పాత బండల మిద్దె. సరిగ్గా దాని కిందే మరిది మగ్గం.

పెళ్లయి వచ్చిన కొత్తలో కరివేపాకు మొక్క ఒకటి పెడదామని పిడికెడు మన్ను కోసం ఇల్లంతా తిరిగాను. వాకిట్లో బండలు, పెరట్లో బండలు, వీధిలో సిమెంటు. మన్ను లేని ఇల్లు కూడా ఉంటుందా అని నాకు ఏడుపు వచ్చింది. ఏళ్ల తర్వాత, పైన గదులు వేసుకున్నాక, మా ఆయన చేత పుట్టింటి నుంచి రెండు గోనె సంచుల ఎర్రమన్ను బస్సులో తెప్పించాను. మెట్లెక్కుతున్న సంచిని చూసి మరిది మగ్గం మీద నుంచి లేచి వచ్చాడు.

"వదినా, కోపం జేస్కోకు. గా మిద్దె మా తాత కట్టింది. మన్ను మోపితె దూలాలు ఆగయి. కింద నా మగ్గముంది."

ఆయన మెత్తని మనిషి. గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. సంచులు మెట్ల కిందే ఉండిపోయాయి, నేను రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను.

వనపర్తి రూటులో డ్యూటీ పడ్డప్పుడు మా ఆయన అక్కడి నర్సరీలో చూసి ఒక దిమ్మ తెచ్చాడు. ఇటుకకు రెండింతలుంది, తూకం మాత్రం లేదు. కొబ్బరి పీచు తీయగా రాలిన పొట్టును గట్టిగా ఒత్తి చేసిందట. దీంట్లో మొక్కలు మొలుస్తాయంటే నేను నవ్వాను. గిన్నెలు తోముకునే పీచులో వంకాయలు కాయిస్తావా అన్నాను. ఆయన దాన్ని బకెట్లో వేసి నీళ్లు పోశాడు. నేను వంట చేసి వచ్చేసరికి దిమ్మ ఉబ్బి, విచ్చుకుని, బకెట్ నిండి అంచు దాటి కింద పడుతోంది. చేత్తో పిసికితే మెత్తగా, చల్లగా ఉంది. వానకు తడిసిన చేను వాసన లేదుగానీ, పట్టుకుంటే మనసుకు హాయిగా అనిపించింది. నింపిన సంచిని మరిది ఒక్క చేత్తో లేపి చూశాడు.

"గిది పర్వాలేదు వదినా. గిట్లైతె ఎన్నన్న పెట్టుకో."

అలా, ఆయన మగ్గం కోసమే మా మిద్దె మీదికి కొబ్బరి పొట్టు వచ్చింది.

మొదటిసారి పెట్టిన నారంతా ఆకుల కొసలు మాడి చచ్చిపోయింది. నర్సరీ అతనికి ఫోన్ చేస్తే, కడగకుండా పెట్టారా అని తిట్టినంత పని చేశాడు. పొట్టులో ఉప్పు ఉంటుందట. నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కనీసం మూడుసార్లు. నిజంగానే మొదటి నీళ్లు చిక్కటి డికాషన్‌లాగా దిగాయి. రెండోసారి కాస్త పలచన. మూడోసారికి గాని బకెట్ అడుగు కనిపించలేదు. ఆ పని పట్టుబడ్డాక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

నా తోడికోడలి గురించి చెప్పాలి. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. వాళ్ల పుట్టింట్లో నూలుకు రంగులద్దేవాళ్లు. అందుకే ఆమెకు రంగుల మీద ఒక పట్టు ఉండేది. కాగులో నుంచి తీసిన రంగు చూసి షావుకార్లు బాగుందని అంటే, వాళ్ల నాయన ఒక తెల్ల పోగు ముంచి, నీడకు ఆరేసి, ఆరాక చూసి గాని మాట ఇచ్చేవాడు కాదట. ఒకసారి నేను కొత్త చీర కొనుక్కుని, ఉతికి తడి చీరనే చూపించి మురుస్తుంటే ఆమె నవ్వింది.

"తడి రంగును నమ్మద్దక్కా. ఆరినంక జూడు, గప్పుడు జెప్త."

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ కలుపుతూ నేసే కుట్టు చీరకు మగ్గం పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడెను, అంటే పోగును అటూ ఇటూ తీసుకుపోయే చెక్కను, అందించాలి. ఆ పని ఆమెది. పెళ్లయిన నాటి నుంచి భర్త పక్కన కూర్చుని, చూసి చూసి, ఆయన బజారుకు వెళ్లినప్పుడు తానే గుంతలో కాళ్లు పెట్టి నాలుగు వేళ్ల బట్ట నేసేది. ఆయన వచ్చి తడిమి చూసి, ఎక్కడ ఆపాడో ఎక్కడ ఆమె మొదలుపెట్టిందో పోల్చుకోలేకపోయేవాడు. మా దగ్గర మగ్గం నేలలోకి దిగి ఉంటుంది. గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి తొక్కాలి. ఆ గదిలో రెండో గుంత కూడా ఉండేది, మా మామగారిది. ఆయన పోయాక దాని మీద చెక్కలు పరిచి పాత సామాను పెట్టారు.

ఆరేళ్ల కిందట, ఎండాకాలం ముందు, ఆమె ఒకరోజు పనిగట్టుకుని పైకి వచ్చింది. నేను టమాట నారు పెడుతున్నాను. నా పక్కన చతికిలబడి, చేతిలోకి కాస్త పొట్టు తీసుకుని పిసికింది.

"అక్కా, గుంత తెరుస్తమంటుండు మామ. నాకు. నా సొంత మగ్గం."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలుసు. మరిదిని ఆమె మామ అనే పిలుస్తుంది. మరునాడే ఇద్దరూ చెక్కలు ఎత్తారు. ఆమె గుంతలోకి దిగి ఊడ్చి, గోడలకు తెల్లసున్నం కొట్టింది. నన్ను పిలిచి చూపించింది. నేను బాగుందన్నాను. మనసులో మాత్రం, ఇక ఈమెకు నేత కూడా వస్తుంది, నాకు మొక్కలు తప్ప ఏమీ రాదు అనుకున్నాను. తోడికోడళ్ల మధ్య ఇలాంటి లెక్కలు ఉంటాయి. నాకు మరీ ఎక్కువ ఉండేవి.

ఇక ఆ రోజు. మంచి ఎండాకాలం, పొద్దున ఎనిమిది దాటి ఉంటుంది. నేను కొత్తగా మూడు దిమ్మలు నానబెట్టాను. అంతకుముందు కడిగిన నీళ్లను మిద్దె మీదే పారబోస్తే గొట్టం గుండా వీధిలోకి పోయేవి. ఎదురింటి ముందు గోధుమ రంగు నీళ్లు, పొట్టు పడుతున్నాయని ఆ ఇంటావిడ రెండుసార్లు గొడవ పెట్టుకుంది. ఆమె నోటికి జడిసి, ఆ రోజు గొట్టంలో గోనె గుడ్డ కుక్కాను. పొట్టు ఆగిపోతుంది, నీళ్లు మెల్లగా దిగుతాయి అనుకున్నాను. మూడు బకెట్ల చిక్కటి నీళ్లు పారబోశాను. పిట్టగోడ పక్కన అవి నిలిచిపోయాయి. రెండో దఫా నానబెట్టి వచ్చి చూసేసరికి సగం లేవు. ఎండ బాగా పీల్చేస్తోందని సంబరపడ్డాను. బండల సందుల్లో సున్నం ఎప్పుడో రాలిపోయిందని నాకు తెలియక కాదు. మరిదే నాకు చెప్పాడు. కానీ ఆ పూట అది నా బుర్రకు తట్టలేదు.

కింద నుంచి మాటలు వినిపించాయి. కేకలు కావు, మాటలే. అయినా ఏదో తేడాగా ఉండి చేతులు తుడుచుకుంటూ దిగాను.

మగ్గం మీద తెల్లటి చీర ఉంది, ఎర్ర అంచుది. సగం పైగా అయిపోయింది. నేసిన బట్ట మీద, ఇంకా నేయాల్సిన పడుగు పోగుల మీద కలిపి అరచేతంత గోధుమ రంగు మచ్చ. పక్కన చెక్క మీద సగం ఖాళీ అయిన చాయ్ గ్లాసు. మరిది జరీ కోసం షావుకారు దగ్గరికి వెళ్లి అప్పుడే వచ్చాడు. ఆయన లేనప్పుడు ఆమె మగ్గం మీద కూర్చుంది, చాయ్ తెచ్చుకుంది, కూరగాయలావిడ పిలిస్తే బయటికి వెళ్లింది. మగ్గం దగ్గర తిండి, నీళ్లు పెట్టకూడదని మా వీధిలో ప్రతి ఇంట్లోనూ కట్టుబాటు. ప్రతి ఇంట్లోనూ దాన్ని దొంగతనంగా తప్పుతారు.

"ఏంది గిది?" అంటున్నాడు మరిది. "ఏంది గిది?"

"తెల్వదు మామా. ఒట్టు, నాకు తెల్వదు. గ్లాసు ఒరగనే లేదు."

నేను మచ్చను చూశాను. తర్వాత తల ఎత్తి పైకి చూశాను. ఆ గదిలో పైకి చూసింది నేనొక్కదాన్నే, ఎందుకంటే పైన ఏముందో నాకే తెలుసు. రెండు బండల మధ్య సందు నల్లగా తడిసి ఉంది. దాని చివర ఒక చుక్క వేలాడుతోంది, పడటం లేదు. వాళ్లిద్దరూ తలెత్తితే చాలు.

అప్పుడు నేను అన్న మాట ఇది.

"చాయ్ ఒలికినట్టుంది గదనే. ఎప్పుడు ఒలికిందో చూసుకోలే నువ్వు."

ఆ మచ్చకు చాయ్ అని పేరు పెట్టింది నేను. అంతకుముందు మరిది గ్లాసు వైపు కూడా చూడలేదు. నా మాట విన్నాక చూశాడు. ఆమె కూడా చూసింది. సగం ఖాళీగా ఉన్న గ్లాసును అలా చూస్తూ, తాను ఎంత తాగిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించడం నాకు కనిపించింది. గుర్తు రాలేదు.

ఎందుకు అన్నాను? చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. భయం అని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. మరిది నన్ను ఏమీ అనేవాడు కాదు, వదిననని వదిలేసేవాడు. కానీ మొక్కలు తీసేయమనేవాడు. పైన టమాటలు అప్పుడే పిందె వేస్తున్నాయి. ముప్పై రెండు పిందెలు, నేను రోజూ లెక్కపెట్టుకునేదాన్ని. వాటికోసం అన్నాను. ఇంకోటి కూడా ఉంది. సున్నం కొట్టిన ఆ గుంతను చూసినప్పుడు నా మనసులో మెదిలిందే అది. దాన్ని ఇంతకంటే విడమరచి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

పైకి వెళ్లి గొట్టంలోంచి గుడ్డ పీకేశాను. నిలిచిన నీళ్లను చీపురుతో తోసి, పాత చీరతో బండలు తుడిచాను. పన్నెండింటికల్లా ఎండకు అంతా ఆరిపోయింది. కింద సందు కూడా ఆరిపోయే ఉంటుంది. పాత ఇల్లు, పొగ చూరిన బండలు, ఎవరికీ ఏ గుర్తూ కనిపించలేదు.

మరిది ఆ చీరను వదలకుండా చివరిదాకా నేశాడు. షావుకారు చూసి తిప్పి పంపాడు. అది వాళ్ల ట్రంకు పెట్టెలోకి చేరింది. దాని గురించి ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. అదే నాకు ఊరట అనుకున్నాను. నాలుగు తిట్లు, ఒకపూట అలక, అయిపోతుంది అనుకున్నాను. పది రోజుల తర్వాత వాకిట్లోకి ట్రాక్టరు వచ్చి మొరం దింపింది.

"ఏం పని మొదలుపెట్టినవ్?" అని మెట్ల మీద నుంచి అడిగాను.

"గుంత పూడుస్తున్న వదినా. ఉత్తగ ఉంటె కాలు జారి పడ్తరు."

అంతే అన్నాడు. భార్యకు మగ్గం చేతకాదని అనలేదు. ఆమె కూడా అడగలేదు. తట్టలో మొరం నింపి ఆమే అందించింది, ఆయన గుంతలో పోశాడు. తెల్లసున్నం గోడలు కొంచెం కొంచెంగా ఎర్రమొరంలోకి పోయాయి. నేను మెట్ల మీద నిలబడే ఉన్నాను. ఆ పని సాయంత్రం దాకా సాగింది. అంటే చెప్పడానికి నాకు ఒక పూటంతా టైము ఉంది. తట్టలు అందిస్తున్న ఆమెను చూస్తూనే ఉన్నాను, చెప్పలేదు. పూడిన గుంత మీద బండ పరిచారు. ఇప్పుడు అక్కడ ఫ్రిజ్ ఉంది.

ఆ ఏడు కోసిన మొదటి టమాటలన్నీ ఆమెకే ఇచ్చాను. చీరకొంగులో పట్టుకుని మురిసింది. పప్పులో వేసి, నాకూ ఒక గిన్నె పంపింది. నేను తిన్నాను కూడా.

తర్వాత అది ఒక నవ్వులాట అయిపోయింది. అదే అన్నిటికంటే కష్టం. మరిది మనసులో పెట్టుకునే రకం కాదు. కొన్ని నెలలకు కోపం పోయింది, కథ మిగిలింది. చీరలు చూడటానికి ఎవరు వచ్చినా చాయ్ బయట అరుగు మీదే ఇస్తారు. ఎందుకని అడిగితే ఆయన నవ్వుతూ అందుకుంటాడు.

"మా ఇంట్ల చాయ్ బయటనే సార్. మా ఆమె చేతుల గ్లాసు ఆగదు. ఒకసారి మొత్తం చీరకు తాగిచ్చింది. కావాల్నంటె మా వదినను అడుగుండ్రి, కండ్లార చూసింది."

నేను తలూపుతాను. వచ్చినవాళ్లు నవ్వుతారు. నా తోడికోడలు కూడా నవ్వుతుంది, కొంగు అడ్డం పెట్టుకుని, నిజంగా సిగ్గుపడుతూ. ఆరేళ్లలో ఆ కథ ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారి కూడా ఆమె నేను పోయలేదని అనలేదు. అనకపోవడం చూసి, ఆమెకు నా మీద అనుమానం లేదని మొదట్లో సంతోషించాను. ఆమెకు తన మీదే అనుమానం పుట్టిందని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

వీధిలో సగం ఇళ్లకు పొట్టు నేర్పింది నేనే. గాజుల దుకాణం నడిపే ముస్లిం ఆవిడకు పుదీనా పెట్టించాను. దర్జీ ఇంట్లో కొత్తిమీర పెట్టించాను. వాళ్లకు దిమ్మలు తెప్పించి ఇచ్చాను, కడిగి చూపించాను. నా తోడికోడలు అడిగితే మాత్రం ఏదో ఒకటి చెప్పేదాన్ని. నీకు కింద నీడ, పొట్టులో కుళ్లిపోతాయి అనేదాన్ని. ఈసారి దిమ్మలు బాగా లేవు అనేదాన్ని. ఆమెకు మెట్ల కింద ఉండిపోయిన పుట్టింటి మన్నుతోనే రెండు డబ్బాలు నింపి, తులసి, మల్లె పెట్టి ఇచ్చాను. మా అక్క నాకు అసలు మన్ను ఇచ్చింది, మీకందరికీ పొట్టు ఇచ్చింది అని ఆమె వీధిలో గొప్పగా చెప్పుకుంది. నేను పొట్టు కడిగేటప్పుడు ఆమె పైకి వచ్చే వేళ కాకుండా చూసుకునేదాన్ని. రంగులద్దే ఇంటి బిడ్డ ఆ నీళ్లను ఒక్కసారి చూస్తే చాలని నాకు తెలుసు.

ఈ ఏడు ఎండలు ముదరకముందు, ఒక మధ్యాహ్నం కింద నుంచి పిలిచింది.

"అక్కా, జర కిందికి రా."

గొంతు మామూలుగానే ఉంది. మరిది ధరూర్‌లో బంధువుల ఇంటికి పోయాడు. వెనక వాకిట్లో స్టీలు బేసిన్ ముందు ఆమె పీట వేసుకుని కూర్చుని ఉంది. బేసిన్లో ఉబ్బిన పొట్టు, దాని చుట్టూ చిక్కటి నీళ్లు. నా కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి.

"గాజులామె సగం దిమ్మ ఇచ్చింది. నువ్వు ఇయ్యకపోతివి. పుదీన పెడ్దమని నానేసిన."

బట్టలారేసే తీగ మీద రెండు తెల్ల పోగులు వేలాడుతున్నాయి. రెండూ సగం దాకా తడిసి ఉన్నాయి. పక్కన గోడ మీద చాయ్ గ్లాసు.

"కూసో" అంది. "ఆరిందాక జూద్దం."

కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. నీడలో ఆరేసిన పోగు ఆరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆమె పొట్టును పిసుకుతూనే ఉంది, చేతులు నల్లబడ్డాయి. ఆ కాస్త సమయంలో నేనే నోరు తెరచి ఉంటే, కనీసం అదైనా నాకు మిగిలేది. ఆరేళ్లు చెప్పని మాటను ఆ చివరి నిమిషాల్లో చెప్పినా, చెప్పాను అని అనుకోవడానికి ఉండేది. పోగులనే చూస్తూ కూర్చున్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి చీర తెచ్చింది. మడత విప్పి మచ్చ ఉన్నచోట ఒడిలో పరుచుకుంది. తీగ మీది పోగులు తీసి రెండింటినీ మచ్చ పక్కన పెట్టింది. చాయ్ పోగు ఎర్రగా ఆరింది. పొట్టు నీళ్లలో ముంచిన పోగు పసుపు కలిసిన మట్టిరంగులో ఆరింది. దాన్ని వేలితో జరిపి మచ్చ మీద పెట్టింది. అది మచ్చలో కలిసిపోయింది, ఎక్కడుందో కనిపించలేదు.

"గిది చాయ్ గాదక్కా" అంది.

"కాదు" అన్నాను.

"ఆరేండ్ల సంది నేనే పోసిన్నేమో అనుకుంటున్న. గ్లాసుల సగం తాగిన్న, పావు తాగిన్న అని పండుకున్నంక గూడ యాది జేస్కుంట. నా చేతులు మంచియి గావేమో, మగ్గానికి పనికి రావేమో అనుకుంట."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. గోనె గుడ్డ, నిలిచిన నీళ్లు, సందులో వేలాడిన చుక్క, ముప్పై రెండు పిందెలు. సున్నం కొట్టిన గుంతను చూసి నాకు కలిగినది కూడా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చీర మడత పెట్టుకుంటూ వింది. ఆమె తిట్టి ఉంటే బాగుండును. నా నెత్తిన ఆ బేసిన్ బోర్లించినా సంతోషంగా తడిసేదాన్ని.

"మరిది రాంగనే చెప్త" అన్నాను. "కాళ్లు మొక్కి చెప్త. మళ్లీ గుంత తవ్విద్దం చెల్లే. ఫ్రిజ్ పైకి మోపిస్త."

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"ఏం జెయ్యను తవ్వి? గిప్పుడు నాకు పోగు ఆనుత లేదక్కా. అద్దాలు పెట్టుకున్నా దొరుకుత లేదు. నాడె ఇయ్యనీకే పరేషానైతున్న."

నాకు ఆ సంగతి తెలియదు. ఒకే ఇంట్లో, కింద ఒకరు పైన ఒకరం ఉంటూ, ఆమె కళ్లు మసకబారిన సంగతి నాకు తెలియదు.

"మామకు చెప్పకు" అంది. "గా గుంత ఆయన చేతులతోని పూడ్చిండు. ఉత్తపుణ్యానికి పూడ్చిన్నని తెలిస్తె ఆయన నవ్వుతడా మళ్ల? అన్నం తినడు. నువ్వు చెప్పి తేలికైతవు. బరువు ఆయన మీద పడ్తది. నాకేమొస్తది?"

"మరి నువ్వు?"

"నాకు తెలిసింది గద. చాలు."

చాలు అంటే నన్ను క్షమించినట్టా, నాతో మాటలు చాలించినట్టా అని అడగడానికి నాకు మొహం లేకపోయింది. ఆమె బేసిన్ ఎత్తి, గోధుమ రంగు నీళ్లను వాకిట్లో మోరీలోకి జాగ్రత్తగా వంపింది. రెండోసారి నీళ్లు పోసి, "ఎన్నిసార్ల కడుగాలె?" అని అడిగింది. మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ కడిగింది.

ఇప్పుడు ఆమె పుదీనా బాగా వచ్చింది. నాతో మాట్లాడుతుంది, కూర పంపుతుంది, అక్కా అనే పిలుస్తుంది. పైకి మాత్రం రావడం లేదు. నేనూ రమ్మనలేదు. ఆ ఏడు పిందెలు వేసిన మూల ఇప్పుడు ఖాళీగా ఉంచాను. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా అక్కడ సంచి పెట్టబుద్ధి కావడం లేదు.

పోయిన వారం హైదరాబాద్ నుంచి పెళ్లి చీరల కోసం ఒక కుటుంబం వచ్చింది. మరిది మగ్గం చూపించి, బయటికి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. నేను మెట్ల దగ్గర కొత్తిమీర గిల్లుతున్నాను. నా తోడికోడలు పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని, కళ్లద్దాల్లోంచి గడప చూసుకుంటూ, జాగ్రత్తగా దాటి వచ్చింది. పెళ్లికూతురి తల్లి ఏదో మాటకు లోపలే తాగొచ్చు గదా అంది.

"మా ఇంట్ల చాయ్ బయటనేనమ్మా" అని మరిది మొదలుపెట్టాడు. గ్లాసు ఆగదన్నాడు, చీరకు తాగించిందన్నాడు. వాళ్లు నవ్వారు. నా తోడికోడలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఎప్పటిలాగే, ఏమాత్రం తేడా లేకుండా. నవ్వుతూనే నా దగ్గరికి వచ్చి ఒక గ్లాసు నా చేతికిచ్చింది.

"కావాల్నంటె మా వదినను అడుగుండ్రి" అన్నాడు మరిది. "కండ్లార చూసింది."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా చూసింది.

నేను తలూపాను.